పిల్లలకేం గుర్తుంటుంది?

"పసివాళ్ళను వేసుకుని లండనా? వాళ్ళకేం గుర్తుంటుందని! డబ్బు దండగ కాకపోతే!"

మా లాలాపేటలో ఈ మాట అనని వాళ్ళు లేరు. ఎదురింటి పిన్నిగారు అన్నారు, మా ఆడపడుచు అంది, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి కూడా అనబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. మా తమ్ముడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, రమ్మన్నాడు. మా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నవాడికి రెండు. "పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్ళరాదూ" అని అందరూ నాకే చెప్పారు. ఆఫీసు పనిమీద మావారు రెండుసార్లు విదేశాలు వెళ్ళొచ్చారు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగమని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. చూశారా తమాషా!

గుర్తుండనిదానికి ఖర్చు దండగంటే, ఏడాది నిండిన బిడ్డకు ఫంక్షన్ హాలులో మూడొందల మందిని పిలిచి పుట్టినరోజు చేస్తున్నామే, అదెవరికి గుర్తుండడానికి? అన్నప్రాశననాడు తిన్న ముద్ద గుర్తు లేనంత మాత్రాన ఒంటికి పట్టలేదూ?

కష్టం లేదని నేననను. అక్కడి భూగర్భ రైలు స్టేషన్లలో సగానికి పైగా మెట్లు ఎక్కనిదే, దిగనిదే పనవదు. మొదటిరోజే చిన్నవాడి తోపుడుబండితో మెట్ల దగ్గర నిలబడిపోయాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముందు చక్రాలు పట్టుకుని పైకి చేర్చి, నేను నోరు తెరిచేలోగా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి బస్సే. అందులో తోపుడుబండికి చోటుంది, పదకొండేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. రోజుకు ఒక్కటే చోటు చూడాలని నియమం పెట్టుకున్నాను. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే టూర్లు పసివాళ్ళకు పనికిరావు. నన్నడిగితే పెద్దవాళ్ళకూ పనికిరావు.

సెయింట్ జేమ్స్ పార్కులో గూడబాతులున్నాయి. 1664లో రష్యా రాయబారి కానుకగా ఇచ్చిన నాటి నుంచి అక్కడ వాటిని పెంచుతున్నారట. మావాడు వాటిని వదిలి రానని గడ్డిలో పొర్లాడు. "అవి మన కొల్లేరులోనూ ఉన్నాయిగా" అన్నారు తర్వాత పిన్నిగారు. ఉన్నాయి. కొల్లేరుకు మాత్రం మనం పిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్ళాం?

అసలు సంగతి బ్రిటిష్ మ్యూజియంలో జరిగింది. అక్కడ ప్రవేశం ఉచితం. ఒక గదిలో అద్దాల వెనక అమరావతి శిల్పాలు! 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, 1859లో మద్రాసు నుంచి ఓడలో లండన్ చేరినవి. నా పుట్టిల్లు గుంటూరు. "ఇవి అమ్మమ్మగారి ఊరి దగ్గరివి" అని గొప్పగా చెప్పాను. పెద్దది కాసేపు చూసి, "మరి ఇక్కడెందుకున్నాయమ్మా? ఎవరిచ్చారు?" అంది. ముప్పై నాలుగేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టని ప్రశ్న! పిల్లలకేం తెలుస్తుందనేవాళ్ళు దానికి జవాబు చెప్పండి. నేను చెప్పలేకపోయాను.

తిరిగొచ్చాక అదే తోపుడుబండితో మా ఇంటి నుంచి బస్టాపుకు బయల్దేరాను. ఫుట్‌పాత్ మీద ముందు స్కూటర్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, ఆపైన కొబ్బరిబోండాల గుట్ట. ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మనకు సిటీ బస్సులో టికెట్టుకు డబ్బు అక్కర్లేదు, సంతోషమే. కాని చంకలో బిడ్డతో ఆ ఎత్తు మెట్టు ఎక్కడం ఎలాగో ఎవరూ చెప్పరు. బండి అటకెక్కింది.

అప్పుడు తెలిసింది, పిల్లల్ని తీసుకెళ్ళకూడనిది లండన్‌కి కాదు, మన వీధి చివరికని! "పిల్లలున్నారు, ఇంట్లో ఉండు" అని తల్లికి చెప్పడం తేలిక. ఫుట్‌పాత్ వెయ్యడానికి డబ్బు కావాలి, ఈ సలహాకు పైసా ఖర్చు లేదు.

అందుకే అంటున్నాను, వదినగారూ! లండనే కానక్కర్లేదు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చాలు. పిల్లల్ని తీసుకుని బయటికి రండి. మనం ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ ఆ ఫుట్‌పాత్ కావాలని ఎవరికీ తోచదు.