చుక్కకు దేశభేదమా?



మా అమ్మగారి నగలను తోబుట్టువులం పంచుకొనవలసి వచ్చినపుడు, బాపట్లలో తూకం వేయించి, బరువులన్నీ ఒక సాదా ఫైలులో వ్రాసి, వాటాలు కట్టమని జర్మనీలో ఉన్న మా అబ్బాయికి పంపాను. అందులో ఒక గొలుసు సరిగ్గా తులం, అనగా 11.664 గ్రాములు. ఆ రాత్రే ఫోను. “నాన్నగారూ, నానమ్మ గొలుసు పదకొండు కిలోల పైచిలుకు చూపిస్తోందేమిటండీ?”

జర్మనులు దశాంశానికి కామా వాడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు. మా వాడి కంప్యూటరు ఆ ఆచారం చొప్పున నా చుక్కను వేల గుర్తుగా భావించి 11664 అని చదివింది. తప్పు అంత పెద్దది కనుక పట్టుబడింది. కంటికి ఆననంత చిన్నదైతే, పంపకంలో నా చెల్లెళ్ళు శంకించేది యంత్రాన్ని కాదు, నన్ను! అదే మందు మోతాదైతే చెప్పనక్కరలేదు.

“ఏ దేశపు కంప్యూటరు ఆ దేశపు అలవాటున చదవడమే మర్యాద కదా” అని సాఫ్టువేరు పండితులు సెలవిస్తారు. మనిషి ఎదుట కూర్చుని టైపు చేస్తున్నపుడు అది మర్యాదే. కానీ ఊళ్ళు తిరిగే ఫైలుకు దేశమెక్కడిది? ఉత్పలమాలను బాపట్లలో చదివినా, బెర్లినులో చదివినా భ-ర-న-భ-భ-ర-వ గణాలే. చదివేవాడి యాసను బట్టి గురువు లఘువు కాదు. సంఖ్యకు ఆపాటి ఛందస్సయినా ఉండవద్దా?

ఉంది. జేసన్ ప్రమాణంలో సంఖ్యకు 0 నుండి 9 వరకు అంకెలే, దశాంశానికి చుక్కే, వేల కామాలకు చోటే లేదు. ఎక్స్ఎమ్ఎల్ స్కీమాలోని దశాంశ సంఖ్యకూ చుక్కే విధి. శాస్త్రం ఇంత స్పష్టంగా ఉండగా, దానిని పాటిస్తున్నామని చెప్పుకొంటూనే యంత్రపు ప్రాంతీయ అమరికను అడిగి సంఖ్యను చదివే ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. నా దృష్టిలో అది అపరాధమే.

ఇక మన భాషాభిమానులకు ఒక మాట. “లక్షను మన పద్ధతిలో 1,00,000 అనే ఫైలులో దాచాలి, ౧౨౩ అనే వ్రాయాలి” అని కొందరి పట్టుదల. కామాలతో గడులు విడదీసే సీఎస్వీ ఫైలులో, ఉద్ధరణ చిహ్నాలు లేకుండా ఆ లక్షను పెట్టి చూడండి. 1 ఒక గడిలో, 00 ఒక గడిలో, 000 మరొక గడిలో పడతాయి. లక్ష కాస్తా మూడు ముక్కలు! పైగా 1, 2, 3 పరాయివని కుమలనక్కరలేదు. మన రాజ్యాంగపు 343వ అధికరణమే వాటిని “భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం” అన్నది.

అయితే దీనిని సాకుగా తీసుకొని తెలుగు అంకెలను తుడిచివేయబూనే వారిని నేను క్షమించను. ౦ మొదలు ౯ దాకా ప్రతి అంకెకూ యూనికోడులో స్థానమూ ఉంది, దాని సంఖ్యావిలువా నమోదై ఉంది. మనిషి ౧౨౩ అని టైపు చేస్తే దానిని గ్రహించి, 123గా మార్చి దాచుకోవడం ప్రోగ్రాముకు భారమేమీ కాదు. చూపేటపుడు కోరినవారికి ౧౨౩ అనీ, లక్షకు మన కామాలతోనూ చూపవచ్చు. “అది సంఖ్యే కాదు” అని తెలుగు అంకెను త్రోసిపుచ్చడం బద్ధకమే తప్ప ప్రమాణపాలన కాదు.

కాబట్టి నా వాదం ఇంతే. దాచేటపుడు ఒకే రూపం, చూపేటపుడు చూసేవారి రూపం. ఈ రెంటినీ కలగాపులగం చేసేవారు వట్టి లెక్కలనే కాదు, మనుషుల మధ్య నమ్మకాన్నీ చెడగొడుతున్నారు. ప్రోగ్రాములు వ్రాసే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. నా మాటలో దోషముంటే వ్యాఖ్యలో దిద్దండి. లేదంటే మీ ప్రోగ్రామును దిద్దుకోండి.

అన్నట్లు, గొలుసు మా పెద్ద చెల్లెలికి వెళ్ళింది. తులమే.