రుద్దే చేతికి పేరేది?

స్త్రీలకు ఉపాధి శిక్షణ అనగానే మన సంస్థలకు ముందుగా గుర్తొచ్చేవి ఇప్పటికీ కుట్టుమిషను, బ్యూటీ పార్లరు, పచ్చళ్ళే. వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ విశాఖలో, గాజువాక పక్కనే ఆటోనగర్ ఉంది. పోర్టుకీ స్టీలు ప్లాంటుకీ తిరిగే లారీల దగ్గర్నుంచి ఇంట్లో వాడుకునే కార్ల దాకా అక్కడికి మరమ్మతుకు వస్తాయి. ఆ షెడ్లలో పనిముట్లు పట్టుకున్న ఆడవాళ్ళు ఎందుకు కనబడరు అని మనం గట్టిగా అడగలేదు. ఇక్కడ ఒక్క పని గురించే మాట్లాడతాను. టింకరింగ్, పెయింటింగ్. అందులోనూ రంగు కొట్టడానికి ముందు జరిగే తయారీ.

ఒక పాత మారుతి 800ను సొంతంగా బాగు చేసుకోవాలనుకుందాం. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి తలుపుల అడుగునీ, చక్రాల పైనుండే వంపులనీ, కాళ్ళకింద రేకునీ తినేస్తాయి. ముందు బండిని కడిగి జిడ్డు వదిలించాలి. తుప్పును మెరిసే రేకు కనబడేదాకా గీకాలి. చిల్లు పడినచోట కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. నొక్కు పడినచోట ఒకవైపు ఇనుప దిమ్మె ఆనించి, రెండోవైపు సుత్తితో చిన్న దెబ్బలు వేస్తూ రేకును దారికి తేవాలి. ఆ తర్వాతే పుట్టీ, అదీ పల్చగా.

పుట్టీ ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 180, 240 అంటూ నున్నగా చేసుకుంటూ రావాలి. మధ్యలో మెట్లు దాటేస్తే పాత గీతలు రంగు కిందనుంచి తేలతాయి. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది. దాన్ని తడిపి రుద్ది, సరిగా ఆరకముందే ప్రైమర్ కొడితే లోపల మళ్ళీ తుప్పు మొదలవుతుంది. ప్రైమర్ ఆరాక దానిమీద నల్లరంగు పల్చగా చిలకరించి, 400, 600 నంబరు కాగితాలతో రుద్దుతారు. పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోయి తప్పు పట్టిస్తుంది. కంటికి ఆనని ఎగుడుదిగుడు అరచేతికి తెలుస్తుంది. ఇదంతా అయ్యాకే అద్దాలకు కాగితాలు, టేపు అంటించి రంగు కొట్టేది.

గన్నుతో రంగు కొట్టడం కొద్ది గంటల పని. తయారీకి రోజులు పడుతుంది. రంగు పొరలుగా లేచినా, బుడగలు కట్టినా చాలాసార్లు తప్పు అడుగున జరిగిన పనిలోనే ఉంటుంది. అయినా గన్ను పట్టినవాడు పెయింటరు, రోజంతా రుద్దినవాడు హెల్పరు. దుమ్ము ఎక్కువ మింగేదీ, కూలి తక్కువ అందుకునేదీ ఆ హెల్పరే.

ఈ లెక్క మనకు కొత్త కాదు. ఇళ్ళ నిర్మాణంలో ఇసుక, సిమెంటు, ఇటుకలు మోసే స్త్రీలను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ఎన్నేళ్ళు పనిచేసినా వాళ్ళ చేతికి తాపీ రాదు. కనీస వేతనాలు నైపుణ్యాన్ని బట్టి నిర్ణయమవుతాయి. నైపుణ్యం ఎవరిది అన్నది మాత్రం పనిముట్టు ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి తేలుతోంది. ఒకే రకమైన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976 చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. పనిముట్టే ఇవ్వకపోతే సమానమైన పని ఎక్కడిది? సమాన వేతనం అడిగే అవకాశం ఎక్కడిది?

సినిమా రంగంలో మేకప్ పని మగవాళ్ళదేనని, ఆడవాళ్ళు జడలు వేసే పనికే పరిమితం కావాలని అక్కడి వృత్తి సంఘం పట్టుబట్టింది. చారు ఖురానా కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. షెడ్లలో అలాంటి రాతపూర్వక నిబంధన ఏదీ లేదు. అలవాటే నిబంధనగా నడుస్తోంది.

"ఆ రసాయనాల్లో ఆడవాళ్ళెందుకు, పిల్లలు పుట్టాల్సిన వాళ్ళు" అనే వాళ్ళున్నారు. ప్రమాదం నిజమే. గట్టిపడే ద్రావణం కలిపి కొట్టే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌ను చంపిన విషవాయువు వేరే పదార్థమైనా ఇదే కుటుంబానిది. ఇవి ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి శరీరానికి పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపలేదు. బయటినుంచి మంచిగాలి అందించే తొడుగు కావాలి. ఇక సీసం సంగతి. రంగుల్లో సీసాన్ని పదిలక్షల్లో 90 భాగాలకు పరిమితం చేసిన 2016 నిబంధనలు ఇళ్ళకూ అలంకరణకూ వాడే రంగులకే వర్తిస్తాయి. కాబట్టి పాత బండి రంగు గీకేటప్పుడు అందులో సీసం ఉందనుకునే జాగ్రత్తపడాలి.

అయితే ఈ విషం మగవాడి ఊపిరితిత్తులను వదిలేస్తుందా? ఆ దుమ్ము బట్టలకు అంటుకుని ఇంటికి రాదా? ఆ బట్టలు ఉతికేది ఎవరు? అమెరికాలో బ్యాటరీలు తయారుచేసే జాన్సన్ కంట్రోల్స్ సీసం పేరుతో పిల్లలు కనగల స్త్రీలను పనినుంచి తప్పిస్తే, అది వివక్ష అని 1991లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీసేయాల్సింది విషాన్ని, ఆడవాళ్ళను కాదు.

చిన్న షెడ్లలో ఈ రక్షణ ఎవరు అడగాలి? కొత్త వృత్తి భద్రత కోడ్ ప్రకారం విద్యుత్తు వాడేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 10 మంది ఉంటే చాలన్న పాత లెక్క 20కి పెరిగింది. చిన్న షెడ్లు దాని పరిధికి మరింత దూరమయ్యాయి. లైంగిక వేధింపుల విషయంలో మాత్రం ఒక దారి ఉంది. 10 మంది కంటే తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు తీసుకోవలసింది 2013 చట్టం కింద జిల్లాలో ఏర్పాటయ్యే స్థానిక కమిటీ. దాని సభ్యులెవరో మనలో ఎంతమందికి తెలుసు?

మనం చేయగలిగినవి ఉన్నాయి. సంస్థలు కలిసి ఒక పాత కారు కొని, పదిమంది స్త్రీలు మొదటినుంచి చివరిదాకా దానిమీదే పని నేర్చుకునేలా చూడవచ్చు. ఐటిఐ కోర్సుల్లో వాహనాల బాడీ మరమ్మతు, బాడీ పెయింటింగ్ ట్రేడులున్నాయి. వాటిలో ఆడపిల్లలను చేర్పించాలి. గాలి వచ్చే గది, తొడుగులు, స్త్రీలకు మరుగుదొడ్డి లేనిచోటికి వాళ్ళను శిక్షణకు పంపకూడదు. తయారీ పనిని నైపుణ్యం గల పనిగా లెక్కగట్టాలని కార్మిక శాఖను అడగాలి. అది సాధిస్తే ఈరోజు అక్కడ దుమ్ములో కూర్చుని రుద్దుతున్న మగపిల్లలకూ కూలి పెరుగుతుంది. వాళ్ళూ మన పిల్లలే.