నగర కంపోస్టుకు అనువైన చోటు పప్పుధాన్యాల పొలాలే

న్యూఢిల్లీ: నగరాల చెత్త నుంచి తయారయ్యే కంపోస్టు అమ్మకాలను పెంచేందుకు కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించిన టన్నుకు 1,500 రూపాయల సహాయం 2021 సెప్టెంబర్‌తో ముగిసింది. 2023 జూన్‌లో అంతే మొత్తాన్ని గోబర్‌ధన్ కింద బయోగ్యాస్ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకు ప్రకటించారు. రెండు పథకాలలోనూ సహాయం టన్నుల లెక్కనే తప్ప పంట లెక్కన లేకపోవడం గమనార్హం.

అసలు చిక్కు అక్కడే ఉంది. నగర కంపోస్టులో నత్రజని ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. అంటే టన్నుకు సుమారు 10 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది. పన్నులు గాక 242 రూపాయలకు దొరికే ఆ ఒక్క బస్తాకు బదులు రెండు టన్నుల కంపోస్టు తోలుకోమంటే వరి రైతు ఒప్పుకోడు. అందులో అతని తప్పూ లేదు.

కంది, మినుము, పెసర, శనగ వంటి పంటల సంగతి వేరు. వీటి వేళ్ల బుడిపెలలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది. తొలిదశకు హెక్టారుకు 20 కిలోల నత్రజని చాలునన్నది సాధారణ సిఫారసు. వీటికి ముఖ్యంగా కావలసినవి భాస్వరం, నేలలో తేమను పట్టి ఉంచే సేంద్రియ పదార్థం. బాగా మాగిన కంపోస్టులో నత్రజని కంటే పది నుంచి ఇరవై రెట్లు అధికంగా కర్బనం ఉంటుంది. దేశంలో పప్పుధాన్యాల సాగు అధికభాగం వర్షాధారమే కనుక ఈ గుణానికి విలువ ఎక్కువ.

చెత్తను ఎరువుగా మార్చడం మనకు కొత్త విద్య కాదు. హోవర్డ్ ఇండోర్ పద్ధతి 1920ల నాటిది. పట్టణ చెత్తకు ఆచార్య రూపొందించిన బెంగుళూరు పద్ధతి 1930ల చివరి నాటిది. అయితే అప్పటి చెత్తలో బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు ఇంతగా లేవు. కిలో కంపోస్టులో సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఈ హద్దు దాటితే ముందుగా నష్టపోయేది పప్పుజాతి పంటలే కావచ్చు. ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో 1942-61 మధ్య మురుగు బురద ఎరువు వేసిన మడులలో, వాడకం ఆపిన రెండు దశాబ్దాల తర్వాత కూడా, భారలోహాల మూలంగా క్లోవర్ పైరు నత్రజని స్థిరీకరణ దెబ్బతిన్నట్లు తేలింది. తడి, పొడి చెత్తను ఇంటివద్దే వేరుచేయడం ఇక్కడ శుభ్రతకు మించిన అవసరం. ఢాకాలో వేస్ట్ కన్సర్న్ సంస్థ 1995 నుంచి పేటల స్థాయిలోనే చిన్న కంపోస్టు కేంద్రాలు నడిపి ఒక దారి చూపింది.

కాగా, 2024-25లో భారత్ 70 లక్షల టన్నులకు పైగా పప్పులు దిగుమతి చేసుకుంది. 2025 అక్టోబర్‌లో ప్రారంభించిన 11,440 కోట్ల రూపాయల పప్పుధాన్యాల మిషన్ 2030-31 నాటికి 350 లక్షల టన్నుల దిగుబడిని లక్ష్యంగా పెట్టుకుంది. 88 లక్షల విత్తన కిట్లను ఉచితంగా పంచాలన్నది అందులో భాగం. నగరాలకు చేరువలోని రైతులకు ఆ కిట్లతోపాటు పరీక్షించిన కంపోస్టును కూడా అందించాలంటే రవాణా ఖర్చును మున్సిపాలిటీలు భరించవలసి ఉంటుంది. అదే చెత్తను డంపింగ్ యార్డులకు తోలడానికి అవి ఇప్పటికే ఖర్చు చేస్తున్నాయి.