పరుగుపందెమును గృహస్థధర్మమును

ఆదివారమునాడు తెల్లవారకమునుపే హైదరాబాదులో హుస్సేనుసాగరపు గట్టునను, విశాఖపట్టణములో సముద్రతీరపు బాటమీదను నడివయసు గృహస్థులు గుంపులుగా పరుగెత్తుచుండుట నేడు సామాన్యదృశ్యమైనది. వీరిలో వైద్యులు, న్యాయవాదులు, వర్తకులు, కంప్యూటరు ఉద్యోగులు కలరు. ముంబయి మారథాను 2004లో ఆరంభమైన పిదప ఇట్టి పందెములు దేశమందలి అనేక నగరములలో వెలసినవి. మన దేశమున మధుమేహరోగులు 10 కోట్లకు మించియున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము తెలిపినది. ఇట్టి దేశమున నలువదేండ్ల మనుజుడు కుర్చీ విడిచి వీథిలోనికి వచ్చుట శుభసూచకము. ఈ యుద్యమమును మేము మనఃపూర్వకముగ హర్షించుచున్నాము. హర్షించువారమగుటచేతనే దీనినిగూర్చి యొక మాట చెప్పదలచితిమి.

మారథాను పందెపు దూరము 42.195 కిలోమీటర్లు. దీనికి సన్నద్ధుడగుటకు సామాన్యుడు నాలుగు మాసములపాటు వారమునకు నాలుగైదు దినములు పరుగెత్తవలయును. వారాంతమున జరుగు దీర్ఘాభ్యాసము క్రమముగా పెరిగి 30 కిలోమీటర్లకు చేరును. అందుకు మూడు గంటలకు పైగా పట్టును. నాలుగు గంటలకే లేచి వెళ్లినవాడు ఎనిమిదింటికో తొమ్మిదింటికో ఇల్లు చేరును. స్నానము చేసి, ఫలహారము భుజించి, అలసి నిద్రించును. లేచునప్పటికి ఆదివారము ముప్పాతిక గడచిపోవును. ముందురోజు రాత్రి తొమ్మిదింటికే దీపమార్పి పండుకొన్నాడు గనుక శనివారపు సాయంకాలమును పోయినట్లే.

ఈ కాలము ఆకాశమునుండి ఊడిపడలేదు. ఆయన పరుగెత్తుచున్నప్పుడు పాలు కాచినవారును, పిల్లలను లేపి నీళ్లు పోసినవారును, వృద్ధురాలైన తల్లికి రక్తపోటు మాత్ర నందించినవారును, కూరగాయలు తెచ్చినవారును వేరొకరు. ఆయన చేతిగడియారము తాను పరుగెత్తిన ప్రతి కిలోమీటరును లెక్కించుచున్నది. ఇల్లాలి శ్రమను లెక్కించు గడియారము మాత్రము ఎవరియొద్దను లేదు.

‘పేకాటకును పానమునకును పోవుటకంటె ఇది మేలు కాదా?’ యని కొందరు వాదింతురు. మేలే. కాని దుర్వ్యసనముతో పోల్చి చూచినయెడల ఏ పనియైనను మేలుగనే కనబడును. గృహస్థుని నడవడికి కొలమానము దుర్వ్యసనము కాదు, ధర్మము. ఆరోగ్యము కుటుంబముకొరకే యని చెప్పి, దానిని సాధించుటలో కుటుంబమునకు కంటకముగా మారుట తగునా?

స్వాతంత్ర్యసమరకాలమున వేలకొలది గృహస్థులు కారాగారములకు పోయిరి. వారి సంసారభారమంతయు స్త్రీలు మోసిరి. వారిలో పెక్కుమంది పేర్లు చరిత్రలో లేవు. నాటి త్యాగమునకు దేశవిముక్తి యను ప్రయోజనముండెను. నేడు మన పరుగుగాడు మెడలో వేసికొను పతకము ఆయన యొక్కనికే చెందును. నాటి త్యాగమునే నేటి యింటినుండి కోరుటకు మన కధికారము లేదు.

‘శ్రేష్ఠుడగుటకు ఏకాగ్రత వలయును, ఏకాగ్రతకు ఇల్లు అడ్డు’ అనువారికి కెన్యాదేశపు ఎలియుడ్ కిప్‌చోగె జీవితము సమాధానము. ఆయన 2018లోను 2022లోను బెర్లినునందు మారథాను ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. ముగ్గురు బిడ్డల తండ్రి. వారపు దినములందు కప్తగాతులోని అభ్యాసశిబిరమున నుండి, వారాంతమున ఎల్డొరెట్టులోని కుటుంబమును చేరుట ఆయన అలవాటు. ఆ శిబిరమున దీర్ఘాభ్యాసము గురువారమునాడు జరిగెడిది. శిబిరపు మరుగుదొడ్లు కడుగుటలో ఆయనయు తన వంతు తీర్చుకొనెడివాడు. ప్రపంచమందలి శ్రేష్ఠుడు చీపురు పట్టుకొనగా, మన మిత్రులు 10 కిలోమీటర్లు పరుగెత్తివచ్చి తాము తిన్న కంచము తీయలేకపోవుట విచిత్రముగా నున్నది. ఆయనకు పరుగే వృత్తి; దినమంతయు దానికే చెందును. మనకు అది వృత్తికి మీదిది. కావున మన బాధ్యత మరింత హెచ్చు.

ఇక స్త్రీలమాట. ప్రఖ్యాతమైన బోస్టను మారథానులో 1972వరకును, ఒలింపికు మారథానులో 1984వరకును స్త్రీలకు ప్రవేశమే లేదు; వారి దేహములు ఆ శ్రమకు తాళవనిరి. ఇంగ్లండులోని పెన్నైను పర్వతమార్గమున 268 మైళ్ల పందెమును 2019 జనవరిలో జాస్మిన్ పారిస్ అను పశువైద్యురాలు 83 గంటలలో ముగించి, పురుషుల నందరిని జయించెను. అప్పటికామె పదునాలుగు నెలల బిడ్డకు తల్లి; విశ్రాంతిస్థానములయందు బిడ్డకొరకు చనుబాలు పితికి యుంచుచు పరుగెత్తెను. ఆ మూడున్నర దినములు బిడ్డ నెవరో ఎత్తుకొనిరి గనుకనే తల్లి పరుగెత్తగలిగినది. మన యిండ్లలో తండ్రి పరుగెత్తు గంటకు సమానమైన గంట తల్లికి దొరకుచున్నదా? ఆమె పరుగే యెత్తనక్కరలేదు. చదువుకొనవచ్చును, సంగీతము వినవచ్చును, ఊరక నిద్రించవచ్చును. ఆ గంట ఆమెది కావలయును. ఆ గంటలో ఇల్లు ఆయనది కావలయును.

దేహధర్మము గూడ దీనికి విరుద్ధము కాదు. బలము పరుగెత్తునప్పుడు పెరుగదు. పిదప విశ్రాంతిలోను నిద్రలోను పెరుగును. ఇంట కలహముండి నిద్ర చెడినవానికి అభ్యాసము ఫలింపదు. బిడ్డకు జ్వరము వచ్చిననాడు ఒక దినము పరుగు మానినచో నాలుగు మాసముల బలము కరగిపోదు. ఆరోగ్యమే కోరువానికి మారథాను అవసరమే కాదు. అర్ధమారథాను 21 కిలోమీటర్లే. దాని యభ్యాసము సంసారమునకు చాలవరకు ఇముడును. పూర్తిదూరము పరుగెత్తగోరువాడు ఏడాదికొకమారుతో తృప్తిచెందవచ్చును. నెలకొక పట్టణమునకు పోయి పతకములు ప్రోగుచేయుట ఆరోగ్యము కాదు, ఆశ.

పందెములు నిర్వహించువారికిని బాధ్యత కలదు. లండను మారథానులో గర్భవతులు తమ స్థానమును వాయిదా వేసికొను ఏర్పాటు కలదు. అట్టి నియమమును మన నగరములవారును చేయవలయును. పసిబిడ్డలతో వచ్చు తల్లులకు నీడయు, మరుగును కల్పింపవలయును. తెల్లవారుజామున స్త్రీలు నిర్భయముగ పరుగెత్తునట్లు వీథిదీపములు వెలిగించుట పురపాలక సంఘముల విధి.

మా సలహా క్లుప్తమైనది. పందెమునకు రుసుము చెల్లించి ఆ పిమ్మట ఇంటివారికి తెలుపుట నేటి వాడుక. దీనిని తలక్రిందు చేయుడు. రాబోవు నాలుగు మాసముల పంచాంగమును ముందు పెట్టుకొని భార్యతోను పిల్లలతోను కూర్చుండుడు. పరీక్ష లెప్పుడో, పెండ్లిండ్లెప్పుడో, ఏ యాదివారములు ఇంటివో, ఏవి పరుగువో నిర్ణయించుకొనుడు. ఆమె గంటలను గూడ అందులోనే వ్రాయుడు. వారు సమ్మతించినచో నిశ్చింతగా పరుగెత్తుడు. ఈ యేడు వలదన్నచో ఈ యేడు మానుడు; పందెము మరుసటి యేడును జరుగును, బిడ్డల బాల్యము మాత్రము మరల రాదు.