గోడకి రంగు పట్టకపోతే ముందు గోడని చూడండి

గేమ్ ప్రాజెక్టులు చేసే టీముల్లో ఒక అలవాటు బాగా ముదిరింది. అన్‌రియల్ ఇంజిన్‌లో గోడ కడతారు, దాని మీదికి ఇటుకల మెటీరియల్ లాగి వదులుతారు, అది అనుకున్నట్టు కనిపించదు. వెంటనే తప్పు ఇంజిన్‌దో ల్యాప్‌టాప్‌దో అయిపోతుంది. ప్రాజెక్టు మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెడతారు. అలా రెండు మూడుసార్లయ్యి రివ్యూ తారీఖు నెత్తి మీదికొచ్చాక, మొదట అనుకున్న ఊరి ఇల్లు వదిలేసి, ఎవరో చేసిపెట్టిన స్పేస్‌షిప్ కారిడార్ డౌన్‌లోడ్ చేసి చూపిస్తారు.

నష్టం మార్కుల్లో కనపడదు. చిలుకూరు, కోదాడ వైపు అరుగుల ఇల్లు, సున్నం గోడ, సాగర్ ఎడమ కాలువ గట్టు ఏ ఆటలోకీ రాకుండానే ఆగిపోతున్నాయి. అదీ ఒక బూడిదరంగు గళ్ళ గోడకి భయపడి!

నేననేది ఒక్కటే. మెటీరియల్ పట్టకపోవడం అదృష్టానికి సంబంధించిన విషయం కాదు. నాలుగు ప్రశ్నలు వరసగా వేసుకుంటే చాలావరకు కారణం అక్కడే దొరుకుతుంది.

మొదటిది: గోడ ఏ రంగులో ఉంది? బూడిదరంగు గళ్ళు కనిపిస్తే అది ఇంజిన్ డిఫాల్ట్ మెటీరియల్. అంటే మీ మెటీరియల్ అక్కడ పడనే లేదు, లేదా పడినా కంపైల్ కాలేదు. మెటీరియల్ ఎడిటర్ తెరిస్తే ఎర్రర్ అక్కడే రాసి ఉంటుంది. యూనిటీలో అయితే గులాబీ రంగు వస్తుంది. పాత షేడర్ కొత్త రెండర్ పైప్‌లైన్‌కి సరిపడలేదని దాని అర్థం చాలాసార్లు.

రెండోది: ఎక్కడ పడింది? జామెట్రీ బ్రష్‌తో కట్టిన పెట్టెకి ఆరు ముఖాలుంటాయి, దేని మెటీరియల్ దానిదే. లాగి వదిలితే ఒక్క ముఖానికే అంటుతుంది. ఒక ముఖం ఎంచుకుని షిఫ్ట్, బి కలిపి నొక్కితే ఆ బ్రష్ ముఖాలన్నీ ఎంపికవుతాయి, అప్పుడు వేయాలి. తలుపు కోసం గోడని తొలిచారనుకోండి, ఆ సందు లోపలి అంచులకి తొలిచిన బ్రష్ మెటీరియల్ వస్తుంది, గోడది కాదు. "సగం గోడకే పట్టింది" అనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే.

మూడోది: కొలత సరిపోయిందా? అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. మీరు తీసిన ఫోటో 2 మీటర్ల గోడది, ఆటలో గోడ 8 మీటర్లది అయితే ఆ ఫోటో 4 సార్లు రావాలి. ఒక్కసారే సాగదీస్తే 9 అంగుళాల ఇటుక 36 అంగుళాలవుతుంది. అది ఇటుక కాదు, బల్ల!

నాలుగోది: వెలుతురు సంగతేంటి? ఆల్ట్, 3 నొక్కి అన్‌లిట్‌లో చూడండి. అక్కడ బాగుండి, మామూలు వ్యూలో నల్లగా ఉంటే తప్పు లైట్లది. మెటీరియల్‌ని తిట్టి లాభం లేదు.

"బ్రష్‌లు పాతకాలం పద్ధతి, ఇప్పుడంతా స్టాటిక్ మెష్‌లే కదా, ఇవి నేర్చుకుని ఏం చేస్తాం?" అని కొందరంటారు. బ్రష్‌లు ముఖ్యంగా నమూనా కట్టి చూసుకోడానికే, ఆ మాట నిజం. ఈ గోడల వెనకున్న బీఎస్పీ పద్ధతి 1993లో వచ్చిన డూమ్ ఆటలోనే ఉంది. కానీ మెష్‌కి మారినా ప్రశ్నలు మారవు. ముఖాల బదులు మెటీరియల్ స్లాట్లు, బ్రష్ స్కేల్ బదులు యూవీలు వస్తాయంతే. కారణం వెతకడం రానివాడికి ఏ పద్ధతైనా ఒకటే.

ఇంకో మాట. మెటీరియల్ అంటే రంగు మాత్రమే అనుకోవద్దు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి గుళ్ళలో కాకతీయుల కాలం నాటి నల్లరాతి స్తంభాలున్నాయి, అద్దంలా నున్నగా ఉంటాయి. అదే నలుపు తీసుకుని రఫ్‌నెస్ 1 పెడితే బొగ్గు స్తంభం అవుతుంది. 0.2 దగ్గరికి తెస్తే రాయికి మెరుపొస్తుంది. ఆ తేడా ట్యుటోరియల్ చెప్పదు. ఆ స్తంభం ముందు నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

కాబట్టి రివ్యూ చేసే మాష్టార్లకి ఒక విన్నపం. తుది స్క్రీన్‌షాట్‌కే మార్కులేస్తే డౌన్‌లోడ్ చేసిన కారిడారే గెలుస్తుంది. ఏ గోడ ఎందుకు పాడైంది, ఏం చూసి కనిపెట్టారు, ఎలా సరిచేశారు అని ప్రతి టీమూ రిపోర్టులో ఒక పేజీ తెలుగులో రాయాలి, దానికీ మార్కులుండాలి. ఆ పేజీలు మన పత్రికలో వేసుకుంటే వచ్చే ఏడాది జూనియర్లకి గళ్ళ గోడ చూసి వెనక్కి తిరిగే పని ఉండదు. అరుగు కట్టడం దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు.