పాతగోడయు క్రొత్తశ్లాబును

బేగం బజారులో పాత మేడకు క్రొత్త గది చేర్చిన పలువురికి ఒకే చిక్కు ఎదురగుచున్నది. గోడయు శ్లాబును కలిసినచోట మొదట వెండ్రుకవంటి బీట పుట్టి, వానకాలమునకు పొడవెల్ల ప్రాకును. యజమాని మేస్త్రిని, మేస్త్రి సిమెంటును నిందించి, తుదకు ఇరువురును గూడి దానిపై సిమెంటు పూయుదురు. రోగిని దుప్పటితో గప్పినంత మాత్రమున జ్వరము తగ్గునా?

ఇచ్చటి పాత యిండ్లు పెక్కులు డంగుసున్నముతో గట్టినవి. ఆ సున్నము మెత్తనిది. గోడ కొంచెము కదలినను ఓర్చుకొనును. కాంక్రీటు స్వభావము వేరు. అది ఆరునప్పుడు కుదియును. 10 మీటర్ల శ్లాబు 3 మిల్లీమీటర్లు కుదియునని 2000 సంవత్సరపు భారత ప్రమాణ నియమావళి ఐ.ఎస్. 456 లెక్కనుబట్టి తేలుచున్నది. ఎండవేడి 30 డిగ్రీలు హెచ్చినచో ఇంచుమించు అంతయే సాగును. విద్యార్థులారా, భౌతికశాస్త్రములో లోహపు కడ్డీకి మీరు వేయు లెక్కయే యిది.

నేల సంగతి వేరొకటి. నూరేండ్ల గోడక్రింది నేల ఎన్నడో కుదురుకొన్నది. ప్రక్కన లేపిన స్తంభముల క్రిందిది ఇప్పుడు క్రుంగుటకు మొదలిడును. ఒకటి నిలిచి యొకటి దిగుచుండగా అతుకు తెగక యేమగును?

కావున అతుకవలదనియే నా మతము. క్రొత్త భాగమును దాని స్తంభములమీదనే నిలిపి, నడుమ రెండంగుళములకు మించని సందు విడిచి, మెత్తని పదార్థముతో నింపి, నీరు దిగకుండ పైన రేకు కప్పవలెను. సందు వెడల్పును ఇంజనీరే నిర్ణయింపవలెను.

“మా గల్లీలో జానెడు చోటు బంగారము, స్తంభమునకు స్థలమెక్కడిది?” అని వర్తకులందురు. అది నిజమే, మిరియాల బస్తా యుంచు చోటును స్తంభము మ్రింగును. అయినను 12 సెంటీమీటర్ల మందపు శ్లాబు చదరపు మీటరునకు 300 కిలోగ్రాములు తూగును. 40 చదరపు మీటర్ల గదికి 12 టన్నులు! అంత బరువును పరీక్షింపని సున్నపుగోడపై మోపి, దానిక్రింద హమాలీలను, అద్దె కుటుంబములను నిలుపుట న్యాయమా?

ఇదివరకే బీటవారిన యిండ్లవారు బీటకు అడ్డముగా సన్నని గాజుపలకను గట్టిగా నతికించి, తేదీ వ్రాయుదురు గాక. కొన్ని నెలలైనను గాజు చెక్కుచెదరనిచో భయపడ నక్కరలేదు. పగిలినచో పూతపని మాని యింజనీరును పిలువవలెను. గోడ ఉబ్బినను, తలుపులు బిగిసినను, ఆతడు వచ్చువరకు క్రింది దుకాణమును మూసి యుంచవలెను.