కాపాడుటకు పద్దు ఏది?

పూరిగుడిసెలో నివసించు పేదవాడు సైతము వానకారు రాకమునుపే కప్పు నేయించుకొనుటకు నాలుగు రూకలు దాచుకొనును. ఇల్లు కట్టుట యొక పూట పండుగ. కట్టిన యింటిని నిలుపుకొనుట జీవితకాలపు బాధ్యత. ప్రతి గృహస్థు నెరిగిన యీ ధర్మము హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థల కేల పట్టకున్నదో మాకు బోధపడకున్నది.

ఈ నగరమునకు బోర్డుల కొదువ యెన్నడును లేదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టను బెట్టుకొనిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి బోర్డు వెలసినది. అది వీథులను వెడల్పు చేసెను. ఇరుకు పేటలను సవరించి పేదల కిండ్లు కట్టించెను. పత్తర్‌గట్టి రాతిమండపముల వరుసను నిలిపెను. తరువాత 1975లో నగరాభివృద్ధి సంస్థయు, పాతబస్తీకి ప్రత్యేకముగా కులీ కుతుబ్ షా నగరాభివృద్ధి సంస్థయు, 2008లో మహానగరాభివృద్ధి సంస్థయు పుట్టినవి. బోర్డు లొకదాని వెంట నొకటి మారినవి. నడిబజారు మాత్రము పాతబడుచునే యున్నది.

ధనము లేదందురా? 2023 ఆగస్టులో మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో 45 ఎకరములకు పైబడిన భూమిని వేలము వేసి 3,319 కోట్ల రూపాయలు పలికించినది. అందొక తావున యెకరము 100 కోట్లు దాటినది! అయినను అమ్మిన భూమి మరల రాదు. తాతలనాటి పొలమమ్మి వచ్చిన సొమ్మును ఏటి వెచ్చమునకు వాడువానిని లోకము వివేకి యనదు. ఆ ధనములో నూటికైదు రూపాయలు తీసి శాశ్వతనిధిగా నుంచిన 166 కోట్లగును. నూటికారు వడ్డీ లెక్కను, అసలు చెడకుండ, ఏటేట సుమారు 10 కోట్లు నడిబొడ్డు వీథుల సంరక్షణకు చేకూరును. ఈ చిన్నలెక్క వేయుటకు గొప్ప ఆర్థికశాస్త్రజ్ఞులు కావలయునా?

గోడసందున మొలచిన రావిమొక్కను పెరికివేయుటకు ఒక కూలివాని దినవెచ్చము చాలును. పదియేండ్లుపేక్షించినచో వేళ్లు రాళ్లను చీల్చును. అప్పుడు లక్షలు కావలసివచ్చును. 1935లో వెలసిన మొజంజాహి మార్కెటు గతి చూడుడు. దాని పునరుద్ధరణము 2018లో ప్రారంభమై 2020లో ముగిసినది. రాతికట్టడము మరల తల యెత్తుట సంతోషమే. కాని ఏటేట తగినంత సంరక్షణము జరిగియుండిన నింతటి యుద్ధారణ మవసరమయ్యెడిదా? మహాకార్యమునకు శిలాఫలకమును, పుష్పమాలలును గలవు. మురుగుకాలువ పూడిక తీయించిన వాని పేరు ఏ ఫలకముపైనను చెక్కబడదు. ఉపేక్షకు మూలమిదియే.

ఇది అందచందముల విషయమే యని తలపరాదు. 2025 మే 18వ తేదీ ఉదయమున చార్మినారు చెంతనే గుల్జార్ హౌజు నొద్ద నొక భవనమున అగ్ని రేగి 17 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు పసిబిడ్డలు. షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమిక విచారణలో చెప్పబడినది. లోనికి పోవుటకు గల దారి మిక్కిలి యిరుకు. నేరమెవరిదో నిర్ణయించుట మా పని కాదు. కాని పాతబస్తీలోని తీగలను, మెట్లను, దారులను ఏటేట పరీక్షించి సరిచేయుటకు ఎవరి లెక్కలో నెంత సొమ్మున్నదని యడుగుట పౌరుని హక్కు.

ఇందుకు వచ్చు ప్రత్యుత్తరము మే మెరుగుదుము: "అభివృద్ధి మాది, సంరక్షణము నగరపాలక సంస్థది." భూమి నమ్మునది యొక సంస్థ, పాతబస్తీని తీర్చిదిద్దునది వేరొకటి, చెత్త యెత్తునది మరియొకటి, తీగలు లాగునది ఇంకొకటి. నలుగురు కొడుకులున్న తల్లికి పూట గడవదన్నట్లున్నది! కట్టినవాడు కాపుదల ఖర్చును కూడ లెక్కలో చూపక కట్టుట అప్పు చేసి యెదుటివాని తలపై వేయుటయే.

మరియు 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము పట్టణ ప్రణాళికను పురపాలక సంస్థల కప్పగింపదగిన విషయములలో మొదట నుంచినది. మహానగరాభివృద్ధి సంస్థకో, ముఖ్యమంత్రియే అధ్యక్షుడు. వీథి దీపమారిన నాడు పౌరుడు నిలదీయగలిగినది తన వార్డు సభ్యుని. కోట్లు చేతనున్నది ఆ సభ్యునికి కాదు. బాధ్యత యొకచోట, ధనమొకచోట నున్న పాలనము స్వపరిపాలన మెట్లగును?

కావున మేము కోరున దిది. క్రొత్త పనికి అనుమతి నిచ్చునప్పుడే ముప్పదియేండ్ల సంరక్షణ వ్యయమును పట్టికలో చేర్చవలయును. భూవిక్రయ ధనములో నియతభాగము శాశ్వతనిధికి పోవలయును. ఆ నిధి వ్యయము ఎన్నికైన సభ యెదుట చర్చింపబడి, వార్డువారీ లెక్కలు తెలుగునను ఉర్దూనను ప్రకటింపబడవలయును.

పఠనమందిరములలో నీ పంక్తులు చదువు పౌరులారా! ఆయవ్యయపట్టిక వెలువడినప్పుడు క్రొత్త వంతెన లెన్నియని మాత్రమే వెదకకుడు. కాపాడుటకు పద్దు ఏదని వెదకుడు. అది కానరానిచో మీ ప్రతినిధి గుమ్మము తట్టి యడుగుడు. అడుగని ప్రజకు లెక్క చెప్పు ప్రభుత్వము లోకమున నెచ్చటను లేదు.